పడవ సంత నుంచి తిరిగొస్తూ

డబ్లిన్ నుంచి పొద్దున్నే బయలుదేరిన టూర్ బస్సులో నా పక్క సీటులో ఒక పెద్దావిడ కూర్చుంది. ఎప్పుడో వియత్నాం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. పర్యాటకుల కోసం నది మీద జరిపే పడవల సంత గురించి గైడ్ మైకులో హుషారుగా చెబుతుంటే, ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. నాకు వారమంతా సరిగ్గా నిద్రలేక కళ్లు మూతలు పడుతున్నాయి.

రేవులో దిగగానే అందరం ఫోన్లు తీశాం. ఒక పడవలో నడివయసు స్త్రీ కూరగాయలు అమ్ముతోంది. ఫోటోలకి నవ్వి నవ్వి ఆమె ముఖం వాడిపోయింది. పెద్దావిడ నేరుగా వెళ్లి, "పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?" అని ఇంగ్లిష్‌లో అడిగింది. ఆమె లేదని తలూపింది. టూర్‌వాళ్లు ఇచ్చిన తన లంచ్ బాక్స్‌ను పెద్దావిడ ఆమె చేతిలో పెట్టేసింది.

బస్సెక్కాక, "ఆమె మీకు తెలుసా?" అన్నాను.

"తెలీదు. మా అమ్మ కూడా పడవలోనే అమ్మేది. తిన్నావా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. నేనూ అడగలేదు."

నా బాక్స్ తెరిచి శాండ్‌విచ్‌లో సగం ఇవ్వబోయాను. ఆవిడ నా చేతిని మెల్లగా వెనక్కి నెట్టింది.

"నువ్వు తిను. బాగా అలిసిపోయావు."

ఇంట్లోనూ ఆఫీసులోనూ అందరికీ "ఐ యామ్ ఫైన్" అని చెబుతూ గడిపిన ఏడాది అది. తల వంచుకుని శాండ్‌విచ్ మొత్తం తిన్నాను.