ఒకే వైపు పడుకోబెట్టరాదు

"ఒక ఆడబొమ్మ కొనుక్కో బావా" అని మా ఆవిడ అన్నప్పుడు నేను ఆమె మడమలకు పౌడరు అద్దుతున్నాను. మొదట నాకు అర్థం కాలేదు. అంగడి ముందర చీర కట్టి నిలబెట్టే బొమ్మ అనుకుని, పరుపులు అమ్మేవాడికి చీరబొమ్మ ఎందుకే అన్నాను. ఆమె కళ్లు పైకెత్తి ఫ్యాన్ వైపు చూసింది. విసుగొస్తే ఆమె చేయగలిగింది అంతే.

"ఆ బొమ్మ కాదు. మొగోళ్లు పక్కలో పెట్టుకునేది. ఫోన్‌లో చూసినా. అచ్చం మనిషి మాదిరే ఉండాది."

"సిగ్గు లేదా నీకు?"

"సిగ్గు పడేదానికి మెడ కింద నాకేముండాది బావా?"

ఆమె నా మేనమామ కూతురు. నోరు మా మేనమామదే. మెడ ఎముకల్లో మొదలైన జబ్బు వెన్నులోకి దిగి, ఆపరేషన్ చేశాక కూడా ఆగకుండా, కొన్నేళ్లలో ఆమెను మంచానికి కట్టేసింది. కుడిచెయ్యి మోచేతి వరకు లేస్తుంది, లేచి దభీమని పడుతుంది. మెడ కింద చీమ కుట్టినా తెలియదు. పిల్లలు లేరు. కె.ఆర్.పురంలో మెట్లు లేని ఇల్లు చూసుకుని దిగాం. పగలు చూసుకోవడానికి ఒక ఆయా వస్తుంది. నేను అంగడి కట్టేసి మెట్రోలో ఇల్లు చేరేసరికి ఆయా చెప్పులు వేసుకుని గుమ్మంలో సిద్ధంగా ఉంటుంది. అక్కడి నుంచి తెల్లారేదాకా, రెండు గంటలకొకసారి మా ఆవిడను ఈ పక్క నుంచి ఆ పక్కకు తిప్పడం నా పని. తిప్పకపోతే ఒరుసుకుని పుండ్లు పడతాయి.

మాది కాటన్‌పేటలో తాత నాటి పరుపుల అంగడి. ఆయన బూరుగు దూది ఏకించి కుట్టించేవాడు, నాన్న కొబ్బరిపీచు తెచ్చాడు, నేను ఫోమ్ అమ్ముతాను. మా తరాలన్నిటికీ ఒకటే పరీక్ష. బొటనవేలితో గట్టిగా నొక్కి వదలాలి. గుంట వెంటనే లేచిందా, మెల్లగా లేచిందా, లేవకుండా ఉండిపోయిందా, దాన్నిబట్టి సరుకు ఎన్నాళ్లు వస్తుందో చెప్పేస్తాం. ఇంతమందికి పరుపులు అమ్మినవాడిని, నేను పడుకునేది మాత్రం ఆమె మంచం పక్కన నేల మీద చాపలో. ఆమెది గాలిపంపు పెట్టిన ఆస్పత్రి మంచం, ఒక్క మనిషికే సరిపోతుంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది నా బతుకు.

బొమ్మ మాట ఊరికే రాలేదు. అంతకు ముందురోజు మా అక్క ముళబాగిలు నుంచి వచ్చి పోయింది. అక్కడ మా దూరపు చుట్టం ఒకామె ఉంది, మొగుడు పోయాడు. ఆమెను తెచ్చి ఇంట్లో పెట్టుకోమని అక్క మాట. వంటింట్లో నాకు గొంతు తగ్గించి చెప్పానని అనుకుంది గాని, మా అక్క గొంతు తగ్గిస్తే పక్కవీధికి మాత్రమే వినపడదు.

"చూడప్పా, దానికీ సాయంగా ఉంటాది, నీకూ…" అని ఆపింది. "నీకూ" తర్వాత ఏమిటో చెప్పలేదు. వచ్చే ఆదివారం వస్తాను, మాట చెప్పు అని పోయింది.

లోపలి గదిలో మా ఆవిడ అంతా విన్నది. ఆమె భయం ఒక్కటే. ఇంకొక ఆడమనిషి ఈ ఇంట్లో అడుగుపెడితే, మెల్లగా ఈ మంచం వెనక గదిలోకి పోతుంది, తర్వాత ఏదో ఒక ఆశ్రమానికి పోతుంది. ఆ భయాన్ని ఆమె ఏడ్చి చెప్పలేదు, బొమ్మ కొనుక్కోమని చెప్పింది. బొమ్మ ఉంటే మనిషి అక్కర్లేదు. బొమ్మ ఈమెను వెనక గదిలోకి తోయదు.

నాకు కోపం వచ్చింది. కోపం కింద ఇంకొకటి కూడా వచ్చింది. దాచుకోవడం ఎందుకు, ఆశ పుట్టింది. నా వయసు ఇంకా యాభై దాటలేదు. ఒంటికి ఒళ్లు తగిలి ఎన్నేళ్లయిందో నా ఒంటికి తెలుసు. మనిషిని తెస్తే ఈమె చస్తుంది, ఏదీ వద్దంటే నేను చస్తాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెంటి నడుమ నా భార్య నా కోసం ఒక రబ్బరు ఆడదాన్ని వెతుకుతోంది.

ఆ వారమంతా సాయంత్రాలు ఫోన్‌ను స్టాండుకు తగిలించి, ఇద్దరం ఆ కంపెనీ పేజీ చూశాం. నేను అన్నం కలిపి నోట్లో పెడుతుంటే ఆమె చెప్పేది, నేను ఎడమచేతి వేలితో నొక్కేవాణ్ని. ఎత్తు ఎంత, రంగేది, కళ్లు ఏవి, చేతివేళ్లలో ఇనుప తీగ కావాలా, కాళ్ల మీద నిలబడాలా అక్కర్లేదా. అంగడికి వచ్చినవాళ్లను నేను అడిగినట్టే ఉన్నాయి ప్రశ్నలు. మెత్తగానా, గట్టిగానా, మధ్యస్తంగానా.

"తెలుపు వద్దు" అన్నది. "నాకంటే ఒక పొర కూడా తెల్లగా ఉండకూడదు."

"పెళ్లిచూపులా ఇవి?"

"అవును. ఈసారి చూసేది నేను."

జుట్టు దగ్గర ఆగింది. ఆమె జడ ఒకప్పుడు నడుము దాటేది. తల రుద్దడం కష్టమై నేనే కత్తిరించేశాను. తెర మీద రకరకాల జుట్లు దాటుకుంటూ పోయి, చివరికి కత్తిరింపు జుట్టు పెట్టమంది. కళ్లలో రెండు రకాలున్నాయి, ఎప్పుడూ తెరుచుకుని ఉండేవి ఒకటి, పడుకోబెడితే మూసుకునేవి ఒకటి.

"మూసుకునేవే తీసుకో. పొద్దస్తమానం నన్ను చూస్తా ఉంటే నాకు బేజారు."

ఇద్దరం నవ్వాం. చాలాకాలానికి ఒక పని కలిసి చేసినట్టు అనిపించింది. కాకపోతే ఆమె ఎంత నవ్వితే నేను అంత ఒప్పుకున్నట్టు లెక్క.

మెటీరియల్ ఒక్కటి తేలలేదు. సిలికాన్ ఒకటి, టీపీఈ అనే రబ్బరు జాతి ప్లాస్టిక్ ఒకటి. ముట్టుకోకుండా సరుకు కొనడం మా వంశంలో లేదు. నమూనాలు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని తమ ఆఫీసులో చూపిస్తామని కంపెనీవాళ్లు అన్నారు. గురువారం అంగడి పనివాళ్లకు అప్పగించి, దొంగతనానికి పోయేవాడిలా పోయాను. బోర్డు లేని ఫ్లాటు. గుమ్మంలో తులసి కుండీ, లోపల కంప్యూటర్ల ముందు పిల్లలు. బొమ్మ ఒక్కటీ కనపడలేదు, అదే కొంత నయం.

కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి నమూనా ముక్కలు పళ్లెంలో పెట్టి తెచ్చింది, మైసూర్‌పాక్ ముక్కలంత ఉన్నాయి.

"ఇది టీపీఈ సర్, సాఫ్ట్‌గా ఉంటుందండి, బట్ కొంచెం మెయింటెనెన్స్ ఉంటుంది. ఇది సిలికాన్, హీట్ తట్టుకుంటుంది. స్టోరేజ్ కోసం అడుగుతున్నానండి, ఇంట్లో ఎవరైనా ఉంటారా సర్?"

"మా ఆవిడ ఉంది. ఆమే పంపించింది."

ఆ అమ్మాయి మొహంలో ఏమీ మారలేదు. "ఓకే సర్" అని ముక్కలు నా ముందుకు జరిపింది.

బొటనవేలితో నొక్కాను. మొదటిది మెత్తగా లోపలికి పోయి, గుంట మెల్లగా, బద్ధకంగా పైకి లేచింది. మంచి సరుకే. రెండోదాన్ని నొక్కబోయి ఆగిపోయాను. రోజూ పొద్దున మా ఆవిడ మడమ మీద, తుంటి మీద ఎరుపు కనపడితే ఇదే వేలితో ఇట్లాగే నొక్కి చూస్తాను. వదిలాక తెల్లబడి మళ్లీ ఎర్రబడితే భయం లేదు. ఎరుపు కదలకుండా ఉంటే పుండు మొదలైనట్టే. డాక్టరు నేర్పక ముందే నా వేలికి ఆ విద్య వచ్చు. చెయ్యి వెనక్కి తీసుకుని, ఆలోచించి చెబుతానన్నాను. ఆ అమ్మాయి జాగ్రత్తలు అచ్చేసిన కాగితం ఇచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను.

ఇంటికి రాగానే మా ఆవిడ అడిగింది. "ఎట్లుండాది?"

"మెత్తగా ఉండాది."

"ఆ కాగితమేంది? చదువు."

చదివాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసుకుంటూ పెద్దగా చదివాను. తడిగుడ్డతో తుడిచి, మడతల్లో తేమ లేకుండా ఆరబెట్టాలి. పౌడరు అద్దుతూ ఉండాలి. ఎత్తేటప్పుడు చంకల కింద పట్టి లాగరాదు, నడుము కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి వేయాలి. మడమల కింద మెత్తనిది పెట్టాలి. దుప్పటి ముడతలు లేకుండా సర్దాలి. ఎక్కువసేపు ఒకే వైపు పడుకోబెట్టరాదు, బరువు పడ్డచోట నొక్కు పడి…

అక్కడ ఆపి కాగితం మడిచాను.

ముందు ఆమే నవ్వింది. "ఇదంతా నీకు వచ్చిన విద్యే కదా బావా. ట్రైనింగ్ అక్కర్లేదు." తర్వాత నవ్వు ఆపి నా వైపు చూసింది. "ఎవరు తిప్పుతారు దాన్ని?"

"నేనే తిప్పల్ల. ఇంకెవరుండారు?"

"నన్ను తిప్పినంక దాన్ని తిప్పుతావా, దాన్ని తిప్పినంక నన్నా?"

దానికి నేను మంచి మాట ఒకటి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఇన్నేళ్లుగా లోపల కుక్కుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"మరి నన్నెవరు తిప్పుతారే?" అన్నాను. "ఎత్తేది నేను, తుడిచేది నేను, తిప్పేది నేను. ఇంకొకదాన్ని తెచ్చి దాన్నీ ఎత్తమంటావు. నా మీద ఒక చెయ్యి వేసేది ఎవరే? ఆ ఫోన్‌లో అన్నీ ఉండాయి, అదొక్కటి లేదు."

అన్నాక నాకే తెలిసింది, నాకు కావలసింది ఏమిటో. అది ఆమె దగ్గరా లేదని ఇద్దరికీ తెలుసు. ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. మొహం తిప్పుకోవడం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. నేను వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. వేళకు వచ్చి ఆమెను తిప్పాను.

శనివారం అంగడిలో, ఆమె మంచం ఎత్తు కొలిచి తెచ్చుకున్న లెక్కతో, ఫోమ్ పలకలు కోయించాను. గట్టిది కింద, మెత్తది పైన. ఒక చెక్కబల్ల చేయించి ఆటోలో వేసుకుని తెచ్చి, ఆమె మంచానికి ఆనించి వేశాను. నడుమ సందు లేకుండా దుప్పటి రోల్ చేసి కుక్కాను. ఎందుకని ఆమె అడగలేదు. నేనైనా ఇదొక గొప్ప ఉపాయమని వేయలేదు. చాప మీద నడుము పట్టేస్తోంది, అంతే అనుకున్నాను.

ఆదివారం మా అక్క వచ్చింది. వస్తూనే గదిలో కొత్త పక్క చూసింది. మొహం వికసించింది.

"మంచి పని చేసినావప్పా. ముళబాగిలు ఆయమ్మకు పక్క కూడా వేసి పెట్టినావు. రేపే రమ్మంటా."

నేను నోరు తెరిచేలోపు మంచం మీదనుంచి మాట వచ్చింది. "ఆయమ్మకు కాదు వదినా. బొమ్మకు."

"ఏం బొమ్మే?"

"ఆడబొమ్మ. నీ తమ్ముడికి. నేనే రంగు చూసి పెట్టినా."

మా అక్క నన్ను చూసింది, ఆమెను చూసింది, చేతిలో కాఫీ లోటాను చూసింది. కాఫీ తాగకుండా కింద పెట్టి, మెట్రో రద్దీ అవుతుందని లేచింది. ఆదివారం రద్దీ ఏమిటని నేను అడగలేదు. గుమ్మం దగ్గర మాత్రం నా భుజం పట్టుకుని, "నీకు యాడా దావ లేదు కదప్పా" అన్నది. తిట్టినట్టు అనలేదు. అందుకే ఆ మాట నన్ను కోసింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక, కొత్త పక్క మీద మొదటిసారి ఒరిగాను. ఆమె ఎడమ వైపుకు, నా వైపుకు తిరిగి ఉంది. వీపు వెనక దిండ్లు పెట్టింది నేనే. ఇద్దరి మొహాలూ ఒక ఎత్తులో ఉండి ఎన్నేళ్లయిందో. దగ్గరగా చూస్తే ఆమె కనురెప్పల మీద నెరసిన వెంట్రుక ఒకటి ఉంది. ఆమె కుడిచెయ్యి ఎత్తింది. అది వణుక్కుంటూ మోచేతి వరకు లేచి, దభీమని నా ఛాతీ మీద పడింది.

"తగిలిందా?" అని అడిగింది. తగిలిందో లేదో ఆమెకు తెలియదు కదా.

"తగిలింది."

"బరువుగా ఉండాదా?"

"ఉండాది."

"తీయల్లంటే నువ్వే తీసుకో. నాకు చేతకాదు."

నిజంగానే బరువు. నేను ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా ఆ చెయ్యి లేచి దిగుతోంది. ఫోన్ మోగింది. మీ ఎంపిక ఇంకా పూర్తి కాలేదు, మెటీరియల్ ఎంచుకోండి అని ఆ కంపెనీ సందేశం. ఇప్పటికీ వస్తూనే ఉంటాయి, నేను తీసేయలేదు, పూర్తి చేయనూ లేదు. నా ఆశ పోయిందని చెబితే అబద్ధం.

"ఎవరు బావా?"

"దాని వాళ్లే."

"ఏమంటారు?"

"దేంతో చేయల్లని అడుగుతాండారు."

ఆమె కళ్లు మూసుకుంది. గోడగడియారం చూశాను, ఆమెను అవతలి పక్కకు తిప్పే వేళయింది. తిప్పితే ఈ చెయ్యి పోతుంది. తిప్పకపోతే పుండు పడుతుంది. ఇంకొక్క నిమిషం అనుకుని కదలకుండా పడుకున్నాను. తర్వాత లేచి, ఆ చెయ్యి తీసి పక్కన పెట్టి, ఆమెను గోడ వైపుకు తిప్పాను.