కడుపునొప్పి అని చెప్పిన ఆదివారం

మాకప్పట్లో మగవాడి ఒంట్లో నడుముకీ మోకాళ్లకీ మధ్య ఏ భాగానికీ పేరుండేది కాదు. నడుము పట్టేస్తే నడుమనేవాళ్లం, మోకాలు వాస్తే మోకాలనేవాళ్లం, ఆ రెండింటి మధ్య ఏమొచ్చినా కడుపునొప్పే. (పదో తరగతి జీవశాస్త్రంలో ఆ పాఠం వచ్చినప్పుడు మా మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ "ఇది మీరే ఇంట్లో చదువుకోండి" అన్నారు. చదువుకున్నాం గానీ, పైకి చదవలేదు.) అలాంటి చదువుతోనే డిప్లొమా కూడా గట్టెక్కి, దువ్వాడ దగ్గర ఒక ఫ్యాక్టరీ షెడ్డులో కొత్తగా ఉద్యోగంలో చేరి, మల్కాపురంలో మా అక్క వాళ్లింట్లో ఉండేవాణ్ణి. బావ పోర్టులో క్రేన్ నడిపేవాడు. బావ వాళ్లమ్మని నేను అత్త అనేవాణ్ణి. ఉన్నవి రెండు గదులు, నలుగురు మనుషులు. ఎవరికీ ఏ రహస్యమూ దాచుకునే చోటు లేని ఇల్లది.

ఒక ఆదివారం తెల్లవారుతుండగా నొప్పితో మెలకువ వచ్చింది. ఎడమ పక్క, ఆ పేరులేని ప్రాంతంలో, ఎవరో పట్టుకారుతో పట్టి తిప్పుతున్నట్టుగా ఉంది. (అది నిజంగానే తిరిగిపోయిందని తర్వాత తెలిసింది.) ముడుచుకుని పడుకున్న నన్ను చూసి అక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏట్రా, ఏటైంది అలా ముడుసుకుపోయేవు?"

"కడుపునొప్పక్కా," అన్నాను. ఇరవై రెండేళ్ల మగవాడు అక్కతో ఇంకేం చెబుతాడు?

ఆ ఒక్క మాటతో ఇంటిల్లిపాదీ నా కడుపు మీద పడ్డారు. అత్త వాము నమిలించి, వెనకాలే వేడినీళ్లు తాగించి, బొడ్డు చుట్టూ ఆముదం రాసింది. బావ సందు చివరికెళ్లి సోడా తెచ్చాడు. కాసేపటికి నాకు వాంతయింది. అత్త మొహం వెలిగిపోయింది.

"సెప్పేనా నాను? రేత్తిరి పీతల పులుసు ఒగ్గకుండా తిన్నాడు. ఇప్పుడు సూడు, తగ్గిపోద్ది," అంది.

తగ్గలేదు. పైగా అక్కడ వాపు మొదలైంది. దుప్పటి కప్పుకుని, గోడవైపు తిరిగి, ఏ పాపం చేశానో అని ఆలోచిస్తూ పడుకున్నాను. ఇంతలో మా పాస్టరుగారు ఆరాధనకి వెళ్తూ దారిలో అక్క చెప్పిన మాట విని లోపలికి వచ్చారు. పాపం, చాలా మంచి మనిషి. నా పక్కన కూర్చుని, "ఎక్కడ బాబూ నొప్పి?" అని అడిగారు. పొట్ట మీద చెయ్యి వేసి, "ఇక్కడేనండీ," అన్నాను. ఆయన అక్కడే తన చెయ్యి ఉంచి ప్రార్థన మొదలుపెట్టారు. జీర్ణకోశాన్నీ పేగుల్నీ పేరుపేరునా ముట్టి బాగుచెయ్యమని ప్రభువుని వేడుకున్నారు. అసలు చోటు ప్రభువుకి తెలుసు కదా, ఆయనే సర్దుకుంటాడని నేను కళ్లు మూసుకున్నాను.

పాస్టరుగారు వెళ్లాక దొడ్లోకి వెళ్దామని లేచాను. నా నడక చూసి బావ తాగుతున్న టీ పక్కన పెట్టాడు. నన్ను పెరటి గోడ దగ్గరికి తీసుకెళ్లి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏరా బావా, కడుపునొప్పోడు కాళ్లు అంత ఎడంగా ఏసి నడుత్తాడేటి? నిజం సెప్పు. కిందా?"

తలూపాను. బావ రోడ్డు మీదికి పరిగెత్తి ఆటో తెచ్చాడు. ఏం జరుగుతోందో తెలియకపోయినా అక్కా, అత్తా కూడా ఎక్కేశారు. గుంతలో ఆటో పడ్డప్పుడల్లా నేను బావ చెయ్యి నలిపేశాను. పెద్ద క్రేన్లు తిప్పే చెయ్యి, పాపం సాయంత్రానికి కమిలిపోయింది.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు ఒక అమ్మాయి. నాకంటే కాస్త పెద్దదేమో. చూడగానే నా ప్రాణం సగం పోయింది. అత్త అప్పటికే "కడుపునొప్పమ్మా" అని చెప్పేసింది. డాక్టరమ్మ పొట్ట మీద నొక్కింది.

"ఇక్కడా?"

"కాదండీ, కొంచెం కింద."

"ఇక్కడా?"

"ఇంకొంచెం కిందండీ."

ఆవిడ చెయ్యి తీసేసి నా మొహంలోకి చూసింది. ఆడవాళ్లిద్దర్నీ బయటికి పంపి, తెర లాగి, బజార్లో కూరగాయల పేరు అడిగినంత మామూలుగా, "వృషణంలోనా నొప్పి?" అంది. ఆ మాట నోటితో అన్న మనిషిని నేను మొదటిసారి చూడటం. అవునన్నాను.

"ఎప్పుడు మొదలైంది?"

"తెల్లారుతుండగానండీ."

"మరి ఇంతసేపూ ఏం చేశారు?"

"వాము తిన్నానండీ."

ఆవిడ నవ్వలేదు. పరీక్ష చేసి, వెంటనే ఫోను తీసింది. ఆ తర్వాత అంతా పరుగే. వృషణం మెలితిరిగి దానికి రక్తం అందడం ఆగిపోయిందట. కొన్ని గంటల్లో సరిచేయకపోతే అది చచ్చిపోతుందట, తీసేయాల్సి వస్తుందట. స్ట్రెచర్ మీద నన్ను తోసుకెళ్తుంటే నాకు మొదటిసారి నిజంగా భయమేసింది. నోరు విప్పి ఒక్క మాట చెప్పలేక ఇంతదాకా తెచ్చుకున్నానే అని ఏడుపొచ్చింది. బావ పక్కనే నడుస్తూ, "నానున్నాను కదరా," అంటూనే ఉన్నాడు.

దక్కింది. మెలి విప్పి, మళ్లీ తిరగకుండా రెండు వైపులా కుట్లు వేశారు. ఇంకాస్త ఆలస్యమైతే చేయగలిగిందేమీ ఉండేది కాదన్నాడు సర్జను. అంత జరిగినా నాకు బుద్ధి రాలేదు. అత్తతో సహా చూడవచ్చిన వాళ్లందరికీ "కడుపు ఆపరేషన్" అనే చెప్పాను. దాంతో అత్త నాకు పథ్యం పెట్టింది. మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి బీరకాయ. ఇంట్లో వంజరం వేపుడు వాసన గుప్పుమంటుంటే, బావ నా ఎదురుగానే కూర్చుని ముల్లు తీసుకుంటూ, "కడుపు కదరా, జాగర్తగా ఉండాల," అనేవాడు.

ఆ బావే, నేను కుట్లు చూపించుకోవడానికి వెళ్లిన రోజు, ఆస్పత్రి వరండాలో ఎటో చూస్తూ మాట కదిపాడు.

"మా క్రేన్ కాడ ఒకాయనున్నాడురా. ఉచ్చ ఎర్రగా పోత్తందట. నొప్పేటీ లేదట."

"వయసెంత బావా?"

"నా ఈడే."

"ఎక్కడుంటాడు?"

"మల్కాపురమే."

"ఆయన పెళ్లాం నాకేమవుతుంది బావా?"

బావ వరండా చివరిదాకా వెళ్లి వచ్చాడు. తర్వాత, "మీ అక్కకి సెప్పకు," అన్నాడు.

చెయ్యి పట్టుకుని అప్పటికప్పుడే డాక్టరు దగ్గర కూర్చోబెట్టాను. నొప్పి లేదు కదా అని ఊరుకున్నానండీ అన్నాడు బావ. మూత్రంలో రక్తం ఒక్కసారి కనిపించినా రావాలి, నొప్పి లేకుండా కనిపిస్తే మరీ తొందరగా రావాలి అన్నాడు డాక్టరు. స్కానింగులో మూత్రాశయంలో చిన్న గడ్డ కనిపించింది. మంచిది కాదన్నారు గానీ, లోపలికి పాకకముందే దొరికింది. కోత లేకుండా మూత్రదారిలోంచే గొట్టం పంపి తీసేశారు. సిగరెట్లు మాన్పించారు. అక్కకి విషయం తెలిసిన రోజు ఇద్దరికీ కలిపి తిట్లు పడ్డాయి. మధ్యలో ఏడుస్తూ మళ్లీ తిట్టింది.

ఎలా పొక్కిందో గానీ, ఆ తర్వాత మా సందులో మగాళ్లు ఒక్కొక్కరే నన్ను పక్కకి పిలవడం మొదలుపెట్టారు. అందరికీ "ఫ్రెండు ఒకడు" ఉండేవాడు. ఒక ఫ్రెండుకి మంటా, చలిజ్వరమూ. ఒక ఫ్రెండుకి ధార సన్నబడి, రాత్రిళ్లు మాటిమాటికీ లేవడం. ఇంకో ఫ్రెండుకి పక్కటెముకల కింద పొడిచినట్టు నొప్పి వచ్చి వాంతులు. వీళ్లలో ఒకాయనకి పొద్దుట్నుంచీ చుక్క రాలేదు, నా పక్కన నిలబడలేక గెంతుతూనే ఫ్రెండు సంగతి చెబుతున్నాడు. ఆయన్ని మాత్రం ఫ్రెండుతో సహా ఆటో ఎక్కించాను. మిగతా వాళ్లకి నాకు తెలిసిన వైద్యం ఒకటే: డాక్టరు ఫలానా చోట కూర్చుంటాడు, వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. బావకి రిటైరయ్యే వయసొచ్చింది. ఇప్పటికీ ఏటేటా లోపల చూసే పరీక్ష ఉంటుంది, నేనే తీసుకెళ్తాను. ఆస్పత్రి హాల్లో మగాళ్లంతా సెల్‌ఫోన్లలో తలలు దూర్చి కూర్చుంటారు. బావ మాత్రం పక్కవాడి తొడ మీద చరిచి, "ఏటి గురూ, ధార సన్నగా వత్తందా?" అని మొదలుపెడతాడు. కాసేపటికి వరసంతా మాట్లాడుతుంటుంది. మొన్న కూడా అంతే. తన కథ అయిపోయాక నావైపు చెయ్యి చూపించి, "ఇదిగో, ఈడు మా బావమరిది. ఈడి కత ఇంకా బాగుంటాది, ఇనండి," అన్నాడు. అందరూ నావైపు తిరిగారు. ఇద్దరు పిల్లల తండ్రిని, షెడ్డులో అంతమంది మీద కేకలేసేవాణ్ణి, తల నెరుస్తున్నవాణ్ణి. వంగి, ముడి గట్టిగానే ఉన్న బూటు తాడుని విప్పి మళ్లీ కట్టుకున్నాను. చాలా నెమ్మదిగా కట్టుకున్నాను.