ధర ఏ గీత మీద?

డిగ్రీలో నేను తీసుకున్నది లెక్కలూ ఎకనామిక్సూ కలిసిన గ్రూపు. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి రోజూ పాసింజర్లో వెళ్ళేదాన్ని. రైలు దిగేసరికే సగం ప్రాణం పోయేది. మిగతా సగం మా ఇద్దరు లెక్చరర్లూ పంచుకునేవారు.

గొడవల్లా డిమాండు గ్రాఫు గురించి. లెక్కల మాస్టారిది మండవల్లి, సొంత చేపల చెరువులున్నాయి. "చేప రేటు తగ్గితేనే కదమ్మా జనం ఎక్కువ కొనేది? ముందు మారేది రేటు. అది అడ్డగీత మీదే ఉండాలి" అని బోర్డు మీద గీసి, తుడవకుండా వెళ్ళిపోయేవారు. తరవాతి పీరియడ్‌కి ఎకనామిక్స్ మేడమ్ వచ్చేవారు. "ఎవరండీ ఇది వేసింది? ధర నిలువుగీత మీద ఉంటుంది. ఏ పుస్తకమైనా తీసి చూడండి!" కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

రెండూ కలిసిన మ్యాథమెటికల్ ఎకనామిక్స్ పేపరు మాస్టారి మాట విని రాస్తే పోయింది. సప్లిమెంటరీలో మేడమ్ మాట విని రాస్తే మళ్ళీ పోయింది. ఒక్క గీత వల్లే పోయిందని ఒట్టేసి చెప్పలేను. కానీ దిద్దేది లెక్కలాయనో ఎకనామిక్సావిడో తెలియక చెయ్యి ఆగిపోయేది. గూడెంలో నాన్నది కిరాణా కొట్టు. "ఈసారీ పోతే ఇంక చాలమ్మా, వచ్చి కొట్లో కూర్చో" అన్నారు, కోపం లేకుండానే. నాకేమో ఎమ్మే చదవాలని ఉంది. ఎంత అలసిపోయినా ఆ కోరిక మాత్రం పోలేదు.

మళ్ళీ పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. పెన్సిలు తీశాను. ఛీ, ఏ గీతా వద్దనిపించింది. గ్రాఫు మానేసి, ధర పెరిగితే జనం ఎందుకు తగ్గించి కొంటారో మాటల్లో రాసి, కింద డెరివేటివ్ లెక్క చేసి ఇచ్చేశాను.

పాసయ్యాను. ఫోన్లో రిజల్టు చూసుకుని స్టాఫ్ రూముకి వెళితే, "చూశావా, నేను చెప్పినట్టు వేశావు కాబట్టే!" అన్నారు మాస్టారు. "నా మాట విన్నావు కనకే గట్టెక్కావు" అన్నారు అవతలి కుర్చీలోంచి మేడమ్.

"అంతా మీ దయండీ" అన్నాను, ఇద్దరికీ కలిపి.

సంతోషంతో ఎగరాల్సింది. ఒంట్లో ఓపిక లేదు. తిరుగు రైల్లో కిటికీ పక్కన చోటు దొరగ్గానే నిద్ర ముంచుకొచ్చింది. కళ్ళు తెరిచేసరికి గూడెం దాటిపోయి నిడదవోలు. దిగి నాన్నకి ఫోన్ చేశాను. "పాసయ్యాను నాన్నా. దిగడం మర్చిపోయి నిడదవోలొచ్చేశాను."

అవతల గల్లాపెట్టె మూసిన చప్పుడు వినిపించింది.

"అక్కడే కూర్చో తల్లీ. కొట్టు కట్టేసి వస్తున్నా."

అప్పుడు ప్లాట్‌ఫాం మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.