పట్నమంటే ఏ పట్నం?

మా సురంగల్‌లో పట్నమంటే హైదరాబాదే. మొయినాబాద్‌లో బస్సెక్కితే దిగేది అక్కడే. లోకంలో ఇంకో పట్నం కూడా ఉందని మా బాపుకు నచ్చజెప్పడం నా తరం కాలేదు.

డిగ్రీ పరీక్షలకు చరిత్ర పాఠం పైకి చదువుతున్నాను. సముద్రం ఒడ్డున ఇసుక నేల. దాన్ని అక్కడి నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చాడు. కంపెనీ కోట కట్టుకుంది, చుట్టూ పట్నం పెరిగింది. పుచ్చు టమాటాలు ఏరుతున్న బాపు చెయ్యి ఆపాడు.

"కంపెనీకిచ్చిండా? పట్నంల ఏ జాగ బిడ్డా?"

"మన పట్నం గాదు బాపూ! చెన్నపట్నం. మద్రాసు. ఎన్నడో వందల ఏండ్ల కింద."

"నాకే జెప్తవా? మొన్ననే గద కంపెనోళ్ళు మన చెలక అడిగిపాయిరి."

ఏం చెప్పను, నా కర్మ! సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని అప్పుడు చిల్కూరు దారి పొడుగునా కార్లే, కారుకో భూములు కొనే కంపెనీ. మాకున్నదల్లా తాత రాళ్ళు ఏరి సాగులోకి తెచ్చిన ఆ చెలక ఒక్కటే. ఇవ్వాలా వద్దా అని బాపుకు తిండి సయించడం లేదు.

"మరి ఇచ్చినాయనకు ఏమొచ్చింది?"

"ఆయన తండ్రి పేరే పట్నానికి పెట్టిన్రని కొందరంటరు. కాదు, గుడి పేరని కొందరంటరు. ఇంగ్లీషోళ్ళు మాత్రం మద్రాసనే పిల్సుకున్నరు."

ఏది నిజమో నాకే అర్థం కాలేదు. పుస్తకం కూడా 'అంటారు' అని చేతులు దులుపుకుంది. బాపు చెవికి మాత్రం తండ్రి పేరు ఒక్కటే ఎక్కింది.

మర్నాడు కంపెనీ తరఫు బేరగాడు రాగానే బాపు అడిగాడు: "చెలకిస్తే, మీరు కట్టేదానికి మా బాపు పేరు పెడ్తరా?"

"ఎందుకు పెట్టమన్నా! గేటు కమాను మీద పెద్దగ రాపిస్త. ఫికర్ జెయ్యకు."

"నమ్మకు బాపూ!" అని అరిచాను.

"నువ్వే గద సదివినవ్?" అన్నాడు.

పాఠానిది తప్పా, చదివిన నాది తప్పా, విన్న ఆయనది తప్పా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. చెలక మాత్రం పోయింది.

చెలకను ప్లాట్లు చేశారు, దారి మొదట్లో కమాను లేచింది. దాని మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. "తాత పేరేనా బిడ్డా?" అన్నాడు బాపు. ఉన్నది ఉన్నట్టు చదివాను. ఏదో విదేశీ పూలతోట పేరు. బాపు మాత్రం, "గది ఇంగ్లీషోళ్ళకు. మనోళ్ళు తాత పేరుతోనే పిలుస్తరు తియ్" అన్నాడు.

కొన్నాళ్ళకు చిల్కూరులో ఇద్దరం ఆటో ఎక్కాం. ఇంటికి పోవాలంటే ఆ కమాను దగ్గరే దిగాలి. బాపు తాత పేరు చెప్పి, "ఆయన చెలక కాడ ఆపు" అన్నాడు.

"గదేడున్నది కాకా? నాకెర్క లేదు" అన్నాడు డ్రైవరు.

బాపు నా వైపు చూశాడు. ఆ పేరు నా నోటితో చెప్పబుద్ధి కాలేదు. ఆయనే ఒక్కో ముక్కా కూడదీసుకుంటూ ఆ ఇంగ్లీషు పేరు పలికాడు.

"ముందే గట్ల జెప్పొచ్చు గద కాకా!" అని డ్రైవరు ఆటో తీశాడు.