రాతిగోడ అవతలి మామ

మొన్న బుధవారం నేను బడిలో పాఠం చెబుతుండగా ఫోన్ వచ్చింది. "మీ మామ పోయినాడమ్మా" అంది పక్కింటి అత్త.

మామ అంటే కదిరిలో మా పక్కింటాయన. ఒకప్పుడు రేడియోలు, టీవీలు బాగుచేసేవారు. మాకు చుట్టం కాదు, మా మతమూ కాదు. ఊహ తెలిసినప్పటి నుంచి మామ అనే పిలిచాను.

మూడేళ్ల కిందట మా అమ్మకు పక్షవాతం వచ్చి కుడిచేయి, మాట పడిపోయాయి. నేను బడికి పోతే ఇంట్లో ఆమె ఒక్కతే. ఆ దిగులు నేను చెప్పుకున్న మర్నాడే మామ వేలెడంత పచ్చ సర్క్యూట్ బోర్డులు మూడు రకాలు తెచ్చి మా అరుగు మీద పరిచారు. ఆయన ఆలోచన ప్రకారం అమ్మ మెడలో మీట ఉంటుంది, నొక్కితే వాళ్లింట్లో గంట మోగాలి. మధ్యలో తీగ ఉండదు.

వైఫైతో పనిచేసేదాన్ని ముందే పక్కన పెట్టేశారు. "కరెంటు పోతే నీ ఇంటర్నెట్టూ పోతాది. మన ఊరి కరెంటు సంగతి నీకు తెల్దా?"

కబురు పంపే బోర్డూ, అందుకునే బోర్డూ ఉన్న అన్నిటికన్నా చవకైన జతతో రెండు రోజులు తంటాలు పడ్డారు. వీధిలో బాగానే పలికేది. మా మూరెడు మందం రాతిగోడ అడ్డం రాగానే మూగబోయేది. తీగముక్క కొలిచి యాంటెన్నాగా అతికించినా అప్పుడప్పుడూ తప్పేది. మీటతో నేను, గంటతో ఆయన రెండిళ్లలో గది గదీ తిరుగుతూ కేకలేసుకుంటుంటే అమ్మ నవ్వింది. జబ్బుపడ్డాక అదే మొదటిసారి.

"దీన్ని మీ వాకిలి లైటుకు పెడతా. వెలగకుంటే ఇంగోసారి నొక్కుతావు. అమ్మకాడ అట్ల కుదరదు" అన్నారు మామ.

అమ్మకు కాస్త ఖరీదైన మూడో జతే ఎంచారు. కబురు అందగానే అది తిరిగి జవాబు పంపుతుంది, అమ్మ మీట మీద చిన్న దీపం వెలుగుతుంది.

"పంపితే సాలదు బిడ్డా. అందిందని ఆయమ్మకు తెలియాల. అప్పుడే భయం పోతాది."

పోయిన ఎండాకాలం అమ్మ కుర్చీలోంచి జారి పడి మీట నొక్కింది. నేను వచ్చేసరికి ఆమె తల అత్త ఒడిలో ఉంది. మామ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చి, పక్కన కూర్చుని విసురుతున్నారు.

"మీరూ ఒకటి పెట్టుకోండి మామా" అన్నాను ఆ రోజు.

"నాకేమైంది బిడ్డా? మీ అత్త ఉండాది కదా, కేకేస్తే పలుకుతాది."

బుధవారం అత్త కూరగాయలకు పోయింది. తిరిగొచ్చేసరికి ఆయన పనిబల్ల కింద పడి ఉన్నారట. గోడకు ఇవతల అమ్మ మెలకువగానే ఉంది. ఆయన కేక వేశారో లేదో మాకు తెలియదు. నేను ఇంకొక్కసారి గట్టిగా చెప్పవలసింది. ఆ మాట నన్ను వదలడం లేదు.

సాయంత్రం మామను మోసుకెళ్లే జనాజా కదిలేముందు అమ్మ కళ్లతోనే వాకిలి చూపించింది. కుర్చీ గడప దాకా తోసుకొచ్చాను. మోసేవాళ్లు మా ఇంటి ముందు క్షణం ఆగారు. అమ్మ ఎడమచేయి ఎత్తింది. వాళ్లు వీధి మలుపు తిరిగాక కూడా దించలేదు. చేయి నొప్పెడుతుందని పట్టుకోబోతే వద్దన్నట్టు తల ఊపింది. ఖాళీ అయిన వీధి వైపు ఆ చేయి అలాగే ఎత్తి ఉంది.