ఉత్తరం నుంచి వచ్చే కీడు

నా చిన్నప్పుడు నాకు తెలిసిన ఉత్తరం ఒక్కటే, పోస్టుమాన్ సంచిలో వచ్చేది. దిక్కుల్లో కూడా ఒక ఉత్తరం ఉందని బళ్ళో చెప్పే ఉంటారు, నా తలకెక్కలేదు. నందిగామలో మా వాడవాళ్ళకు దిక్కులంటే మునేటి ఒడ్డు వైపు, పేట వైపు, అంతే. ఆ తెలివితక్కువతనం ఎంత పని చేసిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

చైనాతో యుద్ధం వచ్చిన ఏడు అది. నాకు తొమ్మిదేళ్ళు. మా బాబాయి మిలిటరీలో, ఎక్కడో మంచు కొండల దగ్గర ఉన్నాడు. అమ్మా నాన్నా మిరప చేలకు కూలికి పోతే ఇంట్లో నేనూ నాయనమ్మా ఉండేవాళ్ళం. బాబాయి ఆవిడకు కడగొట్టు కొడుకు. నెలకో ఉత్తరం రాసేవాడు, యుద్ధం మొదలయ్యాక అదీ ఆగిపోయింది. నాయనమ్మ అన్నం ముందు కూర్చునేది, నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేది.

మా ఏసు గుడిలో ప్రసంగం చెప్పే ఉపదేశిగారికి అప్పటికి పాతికేళ్ళు ఉంటాయేమో. మనిషి సన్నం, గొంతు పెద్దది. ఆ ఆదివారాలన్నీ యిర్మీయా ప్రవక్తను పట్టుకున్నారు. దేవుణ్ణి మరిచిపోయిన జనం మీదికి పరాయి సైన్యాన్ని ఆ దేవుడే రప్పిస్తాడనీ, అది ఆయన చేతిలో బెత్తమనీ, ఆనాడు బబులోనువాళ్ళు వచ్చినట్టే ఇప్పుడు చైనావాళ్ళు వస్తున్నారనీ చెప్పారు. మన కల్లు తాగుళ్ళకూ మన అబద్ధాలకూ ఇదే శిక్ష అన్నారు. ఉత్తరం నుంచి కీడు బయలుదేరిందని బల్ల చరిచి మరీ అన్నారు. పక్కన నాయనమ్మ బాబాయి పేరు చెప్పుకుంటూ ప్రార్థన మొదలుపెట్టింది. నాకు అర్థమైంది మాత్రం ఒక్కటే. ఉత్తరం వస్తే దాంట్లోంచి కీడు వస్తుంది.

రెండు రోజులకే వచ్చింది. నాయనమ్మ నీళ్ళకు పోయింది, పోస్టుమాన్ నీలం రంగు ఇన్‌లాండ్ కవరు నా చేతిలో పెట్టి పోయాడు. పైన బాబాయి దస్తూరీ. చింపి పారేద్దామంటే బాబాయి రాసింది, ఇద్దామంటే భయం. అంటించిన కవరు అంటించినట్టే ఉంటే కీడు బయటికి రాదు కదా అనుకుని, పీట ఎక్కి ఇంటి చూరులోకి తోసేశాను. ఇల్లంతటినీ కాపాడానని లోపల కాస్త గర్వం కూడా.

ఆ వారంలోనే ముసురు పట్టింది. నాలుగు రోజులు చూరు ధారగా కారింది. నాయనమ్మ ఆ వానలోనే రోజూ పోస్టాఫీసుకు నడిచేది. చివరికి పోస్టుమాన్ చెప్పేశాడు, మీ మనవరాలికి ఇచ్చాను గదా అని. ఇంటికొచ్చి ఆవిడ నన్ను కొట్టలేదు. నా ఎదురుగా కూలబడి, "ఏడ పెట్టావే తల్లీ?" అని అడిగిందంతే.

కవరు తీసేసరికి పిండితే నీళ్ళు కారేట్టుంది. వాడలో ఎవరికి ఉత్తరం వచ్చినా చదివేది ఉపదేశిగారే, ఆయన్ని పిలుచుకొచ్చారు. అరుగు మీద కూర్చుని ఎందుకు దాచావని ఆయన నన్ను అడిగారు.

"మీరే చెప్పారు గదండీ, ఉత్తరం నుంచి కీడు వస్తదని."

ఆయన మొహం పాలిపోయింది. తర్వాత కవరు మెల్లిగా విప్పి చదవడం మొదలుపెట్టారు. అమ్మకు వందనాలు, నేను క్షేమం, ఇక్కడ చలి ఎక్కువే కానీ కంబళ్ళు ఇచ్చారు, నువ్వు వేళకు అన్నం తిను, క్రిస్మస్‌కు వస్తాను. నేను ఆయన భుజం పక్కనే నిలబడి ఉన్నాను, నాకూ చదవడం వచ్చు. "అమ్మకు" అన్న ఒక్క మాట తప్ప కాగితమంతా సిరా మరకే.

నాయనమ్మ ఇంకోసారి చదవమంది. ఈసారి ఆయన ఒక మాట మరిచిపోయారు.

"ఇందాక క్రిస్మస్‌కి వస్తానన్నాడు గదయ్యా?" అంది నాయనమ్మ.

"వస్తానన్నాడమ్మా," అన్నారాయన, కళ్ళు తుడుచుకుంటూ.

దేశం మొత్తానికి తీర్పు చెప్పిన మనిషికి ఒక్క తల్లి ముందు ఆ శిక్ష మాట నోట రాలేదు. ఆ తర్వాతి ఆదివారం కూడా ఆయన యిర్మీయానే తెరిచారు. కానీ ఆ ప్రవక్త తన జనం కోసం ఏడ్చిన చోటు చదివి, పూర్తి చేయలేక కూర్చున్నారు.

రోజూ కవరు చదివే పని నా మీద పడింది. లేని మాటలు తడుముకోకుండా చదవడం నేర్చుకున్నాను. క్రిస్మస్ వెళ్ళిపోయింది. బాబాయి జాడ తెలియలేదని సర్కారు కాగితం వచ్చింది, ఉపదేశిగారు దాన్ని ఉన్నది ఉన్నట్టు చదివారు. ఆ సాయంత్రం కూడా నాయనమ్మ నీలం కవరు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. వాడలో చదువొచ్చినవాళ్ళు ఇంకా ఉన్నా, పోయేదాకా దాన్ని మరొకరి చేతికి ఇవ్వలేదు.

ఇప్పుడది నా బైబిల్లో ఉంది. ఎక్కడ యుద్ధం వచ్చినా వరద వచ్చినా, అది వాళ్ళ పాపానికి శిక్ష అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నేను వాదించను, అన్న మనిషి కళ్ళకేసి చూస్తాను. బాబాయి నిజంగా ఏం రాశాడో నాకు తెలియదు, తెలిసే దారీ లేదు, దానికి కారణం నేనే. ఉపదేశిగారు చదివింది మాత్రం అక్షరం పొల్లుపోకుండా వచ్చు.