దేవుడు లారీలో, మేము ఎండలో

మొన్న నంద్యాల బైపాసులో పోతాంటే ముందర ఇటుకల లారీ ఒకటి మూలుగుతా పోతాంది, దాని వెనక టైరు బాడీకి రాసుకుని కాలిన రబ్బరు వాసన గుప్పున కొట్టింది. ఆ వాసనకు ఎవరికైనా తలనొప్పి వస్తుంది. నాకు మాత్రం చిన్నప్పటి కోపం వస్తుంది, ఇన్నేండ్లయినా తగ్గలేదు.

మా నాయనకు ఒక మినీ లారీ ఉండేది. ఆళ్లగడ్డలో చెక్కిన రాతి విగ్రహాలను ఊర్లకు చేర్చడం ఆయన పని. ఎండాకాలం వస్తే శిల్పుల వీధిలో తెల్లవారినప్పటి నుంచి ఉలిదెబ్బల చప్పుడు, గాలి నిండా రాతిపొడి, ఆ పొడిలోనే మేము అచ్చనగండ్ల ఆటకు నున్నటి రాళ్లు ఏరుకుంటా, అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె, శెనక్కాయల పొడి తింటా, పండ్ల కింద కరకరమంటే ఉమ్మేసి మళ్లీ తింటా పొద్దుగడిపేవాళ్లం. అంతా బాగుండేది, ఆ లారీ తప్ప. బరువెక్కితే చాలు, వెనక కుంగిపోయి, గుంత వచ్చినప్పుడల్లా టైరు పైచెక్కకు బర్రుమని రాసుకునేది. చక్రాల మీద బరువు మోసే కమాన్లకు ఇంకో ఇనప పట్టీ వేయించమని అమ్మ పోరు పెడితే, “ఏపిస్తాలేవే, ఈ ట్రిప్పు పోనీ” అనేవాడు. ఆ ట్రిప్పు ఎన్నేండ్లకూ అయిపోలేదు.

నేను ఐదో తరగతి అయిపోయిన ఎండాకాలం, మిడుతూరు పక్క ఊరికి ఆంజనేయస్వామి విగ్రహం ఎక్కిచ్చినాడు. మరుసటి పొద్దున్నే ప్రతిష్ఠ. మమ్మల్నీ పిలిచినారని అమ్మ, నేను, నాయన తల్లి అయిన మా అవ్వ, అందరం ఎక్కినాము. అట్లా రాసుకుని టైరు పగిలి, లారీ ఒరిగి, రాయికి చిన్న పెచ్చు లేచినా ఆ విగ్రహం ప్రతిష్ఠకు పనికిరాదు, ఊరు ఊరంతా చేసుకున్న ఏర్పాటు మట్టిపాలు. ఇంత తెలిసీ నాయన స్వామిని యాడ పెట్టినాడు? వెనక చక్రాలు కూడా దాటించి, లారీ చివరన! ఎందుకయ్యా అంటే, కేబిన్‌లో తను చెప్పులేసుకుని కూచుంటాడంట, దేవుడు ఆ దగ్గర ఉండకూడదంట. పోనీ చెప్పులు విడిచి నడపొచ్చు కదా? వట్టికాలితో బ్రేకు తొక్కితే కాలుతుందంట!

నంద్యాల దాటగానే బర్రుమంది. “దిగండప్పా, బరువు తగ్గాల” అన్నాడు. దిగినాము. గుంతలు దాటినాక ఎక్కడం, మళ్లీ బర్రుమంటే దిగడం. కరిగిన తారు కాళ్లకంటుకుంటాంది, వేపపూల వాసన కూడా వేడిగానే ఉంది, తెచ్చుకున్న నీళ్లు అయిపోయినాయి. అవ్వకు అప్పటికే మోకాళ్లు బాగలేవు. పంటి బిగువున నడుస్తా, “దేవుని పని కదా, నడుస్తాలే” అంటాది. ఆమె అట్లా అన్నందుకు కూడా నాకు ఒళ్లు మండింది.

ఒక కాలువ గట్టు మీద అవ్వ కూలబడింది, లేయలేకపోయింది. నాయన వచ్చి చెయ్యందిచ్చి, “ఇంగ కొంచెమేమ్మా, ఆ మలుపు దాటితే రోడ్డు బాగుంటాది” అన్నాడు.

అమ్మ ఆయన ముందుకొచ్చి నిలబడింది. “ఆ చెప్పులు ఇడ్సు.”

నాయన అయోమయంగా విడిచినాడు. అమ్మ రెండూ తీసి కాలువలోకి ఇసిరేసింది.

“ఇంగేంది నీకు అడ్డం? జరుపు సామిని ముందుకు!”

పక్క చేనులోని రైతులు నవ్వాపుకుంటా వచ్చి, గడ్డపారలు పెట్టి విగ్రహాన్ని కేబిన్ దాకా జరిపినారు. లారీ వెనకభాగం పైకి లేచింది. ఆ తర్వాత టైరు ఒక్కసారి రాసుకుంటే ఒట్టు. ఇంతమాత్రం పనికి మమ్మల్ని అంత దూరం నడిపించినాడే మహానుభావుడు! ఆయన వట్టికాళ్లతో బ్రేకు తొక్కుతా, కాలినప్పుడల్లా స్స్ అంటా ఊరు చేర్చినాడు.

విగ్రహానికి గీత కూడా పడలేదు. ప్రతిష్ఠ బ్రహ్మాండంగా జరిగింది. అవ్వ మోకాళ్లు మాత్రం ఆ నడిచిన దావలోనే పోయినాయి. వారం తిరక్కుండా నాయన పట్టీలు ఏపిచ్చినాడు, ఇంగెందుకో! ఏటా ఆ ఊరి తిరునాళ్లకు పోయేవాళ్లం. అవ్వ ఎక్కలేక గుడిమెట్ల కిందనే కూచుని దండం పెట్టుకునేది, కాళ్లు పోగొట్టుకుని తెచ్చిన స్వామి మొహం మళ్లీ చూడనేలేదు. నాయనా ఆమె పక్కనే కూచునేవాడు. ఏ ఏడాదీ మెట్లెక్కలేదు.

ఇప్పుడు విగ్రహాలను క్రేన్లతో ఎత్తుతాండారు, ఉలిచప్పుడు పోయి మిషన్ల కూత వచ్చింది. లారీ లేదు, నాయన లేడు, అవ్వ లేదు. పోయిన నెల ఆ గుడికి పోతే, మెట్ల పక్కన వాలుగా కొత్త సిమెంటు దావ కనిపించింది, పట్టుకోను స్టీలు కమ్మీతో సహా. ముసలోళ్ల కోసం ఏసినామని పూజారి సంబరంగా చూపిచ్చినాడు.

“ఇప్పుడా ఏసేది?” అని ఆయన మీద గట్టిగా అరిచేసినా. పాపం, ఆయనకేం తెలుసు.